డబ్బాలో చెంచా

పాప కనిపించడం లేదని స్టేషన్‌కు ఫోన్ వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది.

నాలుగో తరగతి. తొమ్మిదేళ్లు. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టుంటుంది. అందుకే ఇంట్లోనూ బళ్లోనూ అందరూ పిచ్చుక అని పిలుస్తారు. పొద్దున తల్లి స్కూలు సందు మొదట్లో దించి ఫ్యాక్టరీకి పరిగెత్తింది. సాయంత్రం తీసుకెళ్లడానికి వస్తే, మీ అమ్మాయి ఇవాళ అసలు రానేలేదన్నారు.

జీపు ఎక్కుతూ ఎస్ఐ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే. "పాపకు జబ్బులేమైనా ఉన్నాయా బాబాయ్?"

ఫోన్ అందుకున్న కానిస్టేబుల్ మీసం దువ్వుకోవడం ఆపేశాడు. "ఉబ్బసం అంట. పీల్చుకునే పంపు ఎప్పుడూ జేబులోనే ఉంటుందంట. పొద్దున హడావిడిలో తల్లి చేతిసంచిలో ఉండిపోయిందంట."

అంటే పొద్దుటినుంచీ పంపు లేదు. దుమ్ము తగిలినా, పరిగెత్తినా, ఏడ్చినా ఆ పిల్లకు ఊపిరి అందదు.

"తొందరగా పోనియ్" అంది ఎస్ఐ డ్రైవరుతో.

ఆమెకు స్టేషన్‌లో జల్లెడ అని పేరు. ఎవరేం చెప్పినా వెంటనే నమ్మదు, వెంటనే కాదనదు. ఆడించి ఆడించి రాళ్లు తీస్తుంది. ఎదురుగా మాత్రం అందరికీ మేడమే. తండ్రి వయసు కానిస్టేబుల్ ఒక్కడికే, పక్కన ఎవరూ లేనప్పుడు అమ్మాయ్ అని పిలిచే చనువుంది.

స్కూలు గేటుకు కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. ఆవరణలో పూలకుండీలు వరసగా పెట్టారు. ఎస్ఐ ఒక కుండీని బూటుతో కొంచెం జరిపింది. కింద తడి మరక లేదు. నిన్నో మొన్నో వచ్చిన కుండీలు. గేటు మీద రెండువైపులా అచ్చేసిన బ్యానరు: తనిఖీకి విచ్చేసిన పెద్దలకు స్వాగతం.

ఆ పెద్దమనిషి ఇంకా వెళ్లలేదు. ఆయన తెల్ల జీపు ఆవరణ మధ్యలో బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. బ్యాటరీ చచ్చిపోయిందట. డ్రైవరు దాని నోట్లో తల పెట్టి గొణుక్కుంటున్నాడు. ఎస్ఐ జీపు వెళ్లి దాని పక్కనే ఆగింది.

కానిస్టేబుల్ చుట్టూ చూశాడు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అన్నాడు మెల్లగా.

ఎస్ఐ నవ్వలేదు.

* * *

ఆఫీసు గదిలో ముగ్గురున్నారు. స్కూలంతా పెద్దమేడం అని పిలిచే హెడ్‌మిస్ట్రెస్. పిచ్చుక క్లాస్ టీచరు. తనిఖీకి వచ్చిన అధికారి. ఆయన ముందు బిస్కెట్ల ప్లేటు ముట్టకుండా ఉంది.

పాప తల్లి గది బయట గోడకు ఆనుకుని కింద కూర్చుంది. పక్కనే బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. పాతికేళ్లు కూడా నిండినట్టు లేదు. ఒళ్లో చేతిసంచి. అందులో పంపు. దాన్ని పైనుంచే తడుముతోంది.

ఎస్ఐ ముందు టీచర్ని అడిగింది.

"పొద్దున హాజరు ఎవరు వేశారు?"

"నేనే మేడం. పిచ్చుకకు ఆబ్సెంట్ వేశాను."

"ఇంకెవరైనా రాలేదా?"

"ఇంకో ఐదుగురు."

"ఇన్‌స్పెక్షన్ రోజున ఒక్క క్లాసులో ఆరుగురా?"

"జ్వరాలు మేడం."

"సీజన్ కదండీ" అని పెద్దమేడం అందుకుంది.

అధికారి కిటికీలోంచి తన జీపువైపు చూస్తూ ఉండిపోయాడు. క్లాసులన్నీ మీరు తిరిగారా అని అడిగితే తిరిగానన్నాడు. వచ్చిన పిల్లలందర్నీ చూశారా అంటే, చూశానన్నాడు. ఆ రెండో జవాబుకు ముందు బిస్కెట్ల ప్లేటును అరచెయ్యంత దూరం జరిపాడు.

తల్లి దగ్గరకు వచ్చి ఎస్ఐ మోకాళ్ల మీద కూర్చుంది. గేటులోపలికి వెళ్లడం చూశావా అమ్మా అంటే, ముందు చూశానంది. తర్వాత, సందు మొదట్లోనే దించాను, టైమైపోయింది, చూశాననుకుంటా అంది.

"దించేటప్పుడు పాపతో ఏమన్నావు?"

"ఏమీ అన్లేదమ్మా. బాగా చదువుకో అన్నాను."

ఆ మాట అంటూ కళ్లు నేలకేసుకుంది.

ఎస్ఐ లేచి నిలబడింది. ఒకరి తర్వాత ఒకరు, నలుగురూ అబద్ధం చెప్పారు. ఏది అబద్ధమో ఆమెకు తెలీదు. చెప్పారని మాత్రం తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఇక్కడ ఉన్నవాళ్లందరూ భుజాలు తడుముకునేట్టున్నారు. ఇంతమంది కలిసి ఒక చిన్న పిల్లను ఏం చేసి ఉంటారు?

* * *

వాచ్‌మన్ ముసలాయన. గేటు పక్క రేకుల గదిలో ఉంటాడు. పొద్దున ఆ పాప గేటులోకి రావడం నేను చూళ్లేదమ్మా అన్నాడు. అడగకముందే రెండోసారి కూడా అన్నాడు.

కానిస్టేబుల్ రేకుల గదిలోకి వెళ్లి ఒక్క నిమిషంలో బయటికొచ్చాడు. చేతిలో స్టీలు అన్నం డబ్బా. మూత మీద సీతాకోకచిలుక స్టిక్కరు, ఒక రెక్క చిరిగిపోయింది.

"అల్మారాలో, తువ్వాలు వెనకాల" అన్నాడు.

తల్లి పరిగెత్తుకొచ్చింది. డబ్బాను చూసింది. మూత తీసి చూసింది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది, దాని మీద చెంచా. ఇది మా పిచ్చుకదే అని కూడా అనలేదు. డబ్బాను కానిస్టేబుల్ చేతిలో కుక్కి, స్కూలు వెనకవైపుకు పరిగెత్తింది. నేరుగా ఆటవస్తువుల స్టోరు రూముకు. తలుపు తోసి, పిచ్చుకా అని పిలుస్తూ లోపల చూసింది. బంతులు, తాళ్లు, చిరిగిన నెట్టు. ఇంకేం లేవు. గుమ్మంలో కూలబడిపోయింది.

ఎస్ఐ అది చూసింది. చూసి పక్కన పెట్టేసింది. ఆమె మనసంతా వాచ్‌మన్ మీద ఉంది.

"చూళ్లేదన్నావు. డబ్బా నీ గదిలోకి నడుచుకుంటూ వచ్చిందా?"

ముసలాయన కానిస్టేబుల్ చేతిలోని డబ్బావైపు చూశాడు. "వచ్చిందమ్మా. చినుకులు పడుతున్నాయి. లోపలికి పొమ్మన్నాను. డబ్బా నా చేతికిచ్చింది. చెంచా గలగలమంటోంది తాతా, నీ దగ్గరుంచు, మళ్లీ తీసుకుంటా అంది. అంతే. లోపలికెళ్లిపోయింది."

"మరి చూళ్లేదని ఎందుకన్నావు?"

ముసలాయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"తాళాలెన్ని ఉన్నాయి నీ దగ్గర? ఇంట్లో ఎవరెవరున్నారు? మధ్యాహ్నం గేటు వదిలి ఎక్కడికెళ్లావు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఒక్కసారి మాత్రం తలెత్తి ఆఫీసు గది కిటికీవైపు చూసి దించుకున్నాడు.

ఎస్ఐ అతని చొక్కా కాలరు పట్టుకోలేదు కానీ, పట్టుకున్నంత పని చేసింది. పిల్లకు ఏమైనా అయిందో, నీ ముసలితనం చూడను అంది. వెంట వచ్చిన ఇద్దరు పోలీసులు అతన్ని జీపు వెనక కూర్చోబెట్టారు. సందులో జనం పోగయ్యారు. రోజూ పిల్లల్ని రోడ్డు దాటించే మనిషి, వాళ్లందరి ముందూ ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

* * *

డబ్బా దొరికింది కాబట్టి పాప గేటు లోపలికైతే వచ్చింది. బయటికి వెళ్లినట్టు ఎవరూ చూడలేదు. లోపలే వెతకాలి.

ఎస్ఐ పద్ధతి ప్రకారమే చేసింది. మైకు తెప్పించింది. జీపు మీద ఎర్ర లైటు తిరుగుతూనే ఉంది. "పిచ్చుకా, ఎక్కడున్నా బయటికి రామ్మా. మేం పోలీసులం. నీకోసమే వచ్చాం." బూట్లు టకటకలాడుతూ గది గదికీ తిరిగాయి. మరుగుదొడ్లు చూశారు. నీళ్ల తొట్టి మూత ఎత్తి టార్చి వేశారు, నీళ్లే ఉన్నాయి. ల్యాబు బల్లల కింద చూశారు. మేడ మీద చూశారు.

మేడ మెట్ల మలుపులో విరిగిన బెంచీలు, బీట వారిన నల్లబల్లలు, చిరిగిన మ్యాపులు గుట్టగా పోసి, పైన పాత బ్యానరు కప్పి తాళ్లతో కట్టేశారు. తనిఖీకి వచ్చిన కంటికి కనపడకూడనివన్నీ అక్కడున్నాయి. కానిస్టేబుల్ లాఠీతో బెంచీని రెండుసార్లు గట్టిగా కొట్టి, ఎవరన్నా ఉన్నారా అని గద్దించాడు. చప్పుడు లేదు. కిందికి దిగిపోయాడు.

ఆరున్నర అయింది. పొద్దు వాలుతోంది.

ఇంటినుంచి ఫోన్. ఎస్ఐ కూతురు. ఎస్ఐ అలవాటు కొద్దీ, "స్లిప్ టెస్టులో ఎన్నొచ్చాయి?" అంది. "తర్వాత చెప్తాలే అమ్మా" అని పిల్ల పెట్టేసింది.

ఎస్ఐ వరండా మెట్టు మీద కూర్చుంది. ఒళ్లో అన్నం డబ్బా. ఇటు నుంచి అటు వంచింది. లోపల చెంచా గలగలమంది.

ఇంకోసారి వంచింది. గలగల.

ముసలాయన అబద్ధం ఆడితే ఇంత పనికిమాలిన అబద్ధం ఎందుకాడతాడు? పాప దాచమంది అంటే సరిపోయేది. బరువుగా ఉందంది అంటే సరిపోయేది. చెంచా చప్పుడు ఎవరికి తడుతుంది?

క్లాసుకు వెళ్లే పిల్ల చెంచా చప్పుడు గురించి ఆలోచించదు. క్లాసంతా చప్పుడే. చప్పుడు ఎవరికి భయం? దాక్కునేవాళ్లకు.

ఎస్ఐ నిటారుగా కూర్చుంది.

డబ్బా చూడగానే తల్లి ఎటు పరిగెత్తింది? గేటు బయటికి కాదు. పోలీసుల దగ్గరికి కాదు. స్టోరు రూముకు. ఇంకెక్కడా చూడకుండా, దారి ముందే తెలిసినట్టు. తనిఖీ రోజున పిల్లలు అక్కడ దాక్కోవడం ఇది మొదటిసారి కాదన్నమాట.

* * *

క్లాస్ టీచరు వరండా చివర కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. ఎస్ఐ వెళ్లి పక్కన నిలబడింది. గొంతు పెంచలేదు.

"పోయినేడాది తనిఖీ రోజున స్టోరు రూములో ఎవరున్నారు?"

టీచరు కుళాయి కట్టడం మర్చిపోయింది. ఎస్ఐ కట్టింది.

"చదవడం రాని పిల్లలు" అంది టీచరు. "స్కూలు ఆయమ్మతో కలిపి కూర్చోబెట్టాం. సార్ వెళ్లిపోయాక బెల్లు పొడుగ్గా ఒక్కసారి కొడతాం. అప్పుడు బయటికొస్తారు."

"ఈసారి?"

"ఈసారి స్టోర్లు కూడా తెరిపించి చూస్తున్నారని వేరే స్కూలు వాళ్లు చెప్పారు. అందుకని ఆ ఆరుగుర్నీ ఇంటి దగ్గరే ఉంచమని తల్లులకు కబురు చేశాం. వస్తే లోపలికి రానివ్వద్దని వాచ్‌మన్‌కు ఆర్డరు."

"జ్వరాలన్నారు."

టీచరు తల వంచుకుంది. "పిచ్చుకకు అక్షరాలొచ్చు మేడం. నిదానంగా చదువుతుంది. పక్కన కూర్చుని ఓపికపడితే వచ్చేస్తుంది. నాకు అంత టైము దొరకలేదు."

"ఇవాళ ఆ పొడుగు బెల్లు కొట్టారా?"

"లేదు. సార్ ఇంకా వెళ్లలేదు కదా."

"మరి ఇంటికెళ్లే బెల్లు?"

"అదీ కొట్టలేదు. ఆఫీసులో మీటింగ్ అవుతోందని పిల్లల్ని వరసలో నిలబెట్టి, చప్పుడు చెయ్యకుండా పంపేశాం."

ఇద్దరూ ఒకేసారి ఆవరణలోకి చూశారు. తెల్ల జీపు బానెట్ తెరుచుకుని అక్కడే ఉంది. దాని పక్కన పోలీసు జీపు. దాని మీద ఎర్ర లైటు తిరుగుతోంది.

ఎస్ఐకి చెవులదాకా వేడెక్కింది. పొద్దున ఒక్క ఆఫీసరు వచ్చాడు. సాయంత్రానికి ఇంకా పెద్ద జీపులో ఇంకా పెద్ద ఆఫీసర్లు వచ్చారు. బూట్లతో, లాఠీలతో, మైకుతో. పేరు పెట్టి మరీ పిలుస్తున్నారు. దాక్కున్న పిల్ల ఏం చేస్తుంది? ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. దగ్గు వస్తే నోట్లో గౌను కుక్కుకుంటుంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు కూడా కాదు ఇది. వెతకడమే పిల్లను దాచేస్తోంది.

ఆమె తల్లి దగ్గరకు నడిచింది. "బాగా చదువుకో అన్లేదు కదమ్మా నువ్వు" అంది. "ఏమన్నావు?"

తల్లి చేతిసంచిలో మొహం దాచుకుంది. మాటలు సంచిలోంచే వచ్చాయి.

"ఇంటి దగ్గర ఉంచమన్నారు. ఉంచితే ఎవరు చూస్తారమ్మా? నాకు సెలవివ్వరు. వీధిలో ఒక్కదాన్ని ఎలా వదలను? అందుకని పోయినేడాదిలాగే నువ్వే వెళ్లి ఎక్కడన్నా కూర్చోవే అన్నాను. ఎవరు పిలిచినా పలకొద్దన్నాను. పొడుగు బెల్లు మోగేదాకా నేనొచ్చి పిలిచినా సరే, పలకొద్దన్నాను." ఊపిరి తీసుకుంది. "స్టోరు రూములో ఉంటుందనుకున్నా. లేదు. పేరు పెట్టి పిలిచాను, పలకలేదు. ఇంక స్కూల్లోనే లేదేమో అనుకున్నా. నిజం చెబితే, ఇంటి దగ్గర ఉంచమన్న మాట వినలేదని టీసీ ఇచ్చేస్తారని భయమేసింది. నా చదువు ఏడుతో ఆగిపోయింది. దానిదైనా..."

మిగతాది మింగేసింది.

"పంపు నా చేతికివ్వు" అంది ఎస్ఐ. "కాదు, నీ దగ్గరే పెట్టుకో. నువ్వే ఇద్దువుగాని."

* * *

లైటు ఆపించింది. మైకు ఆపించింది. పోలీసు జీపును సందు చివరకు పంపేసింది. యూనిఫారంలో ఉన్నవాళ్లెవరూ ఆవరణలో ఉండకూడదంది.

"సార్, మీ జీపు కూడా" అంది అధికారితో.

"స్టార్ట్ కాదమ్మా."

"అయితే తొయ్యండి."

ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. డ్రైవరు స్టీరింగు పట్టుకున్నాడు. ఆయన వెనక నుంచి తోశాడు. పెద్దమేడం వచ్చి పక్కన చెయ్యి వేసింది. జీపు కదల్లేదు. రెండు ముడతలు పడిన చేతులు వచ్చి మధ్యలో ఆనాయి. వాచ్‌మన్. ఎవరు దించారో, ఎప్పుడు దిగాడో. ముగ్గురి బలానికి బండి కిరకిరమంటూ కదిలి, స్వాగతం బ్యానరు కిందుగా గేటు దాటింది.

ఆవరణ ఖాళీ అయింది. ఎస్ఐ ఒక్కతే వరండా స్తంభం చాటున నిలబడింది.

టీచరు వెళ్లి బెల్లు స్విచ్చి నొక్కింది. పొడుగ్గా. వేలు తెల్లబడేదాకా. వదిలింది.

ఎవరూ కదల్లేదు.

ఏమీ జరగలేదు.

"ఇంకోసారి కొట్టనా?" అంది టీచరు, గుసగుసగా.

"వద్దు. కొట్టేది ఒక్కసారే కదా."

కానిస్టేబుల్ గేటు అవతల నుంచి ఎస్ఐ కళ్లలోకి చూశాడు. ఆలస్యమైపోయిందా అమ్మాయ్ అని ఆ చూపు. ఆమె చూపు తిప్పుకుంది. ఆలస్యమైతే ఆ ఆలస్యంలో సగం తనదే.

అప్పుడు వినిపించింది. ముందు ఈల లాంటి శబ్దం, సన్నగా, తెగుతూ. తర్వాత బ్యానరు రెపరెప. మేడ మెట్ల మలుపు నుంచి.

గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది పిచ్చుక. జుట్టు నిండా సున్నపు దుమ్ము. పెదవులు నీలంగా. ఒక్కో ఊపిరికీ భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. తల్లి చేతిలో పంపు రెండుసార్లు జారింది. మూడోసారి పాపే దాన్ని అందుకుని నోట్లో పెట్టుకుంది.

ఒక పీల్పు. ఆగింది. ఇంకో పీల్పు.

భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి.

కానిస్టేబుల్ లాఠీని గోడకు ఆనించి, దానికి దూరంగా జరిగాడు. "ఆ బెంచీనే కొట్టాను" అన్నాడు. "రెండు దెబ్బలు."

* * *

అందరూ వరండా మెట్ల మీదే కూర్చున్నారు. ఎవరూ కుర్చీలు వెయ్యమనలేదు. పాప తల్లి ఒళ్లో పడుకుని ఉంది. డాక్టరు వస్తున్నాడు. ఆయన వచ్చేలోగా ఎస్ఐ చెప్పాల్సింది చెప్పేసింది.

"ఈ పిల్లను ఎవరూ ఎత్తుకుపోలేదు. మనందరం కలిసి దాచాం. టీచరు జ్వరమంది. పెద్దమేడం సీజనంది. తల్లి బాగా చదువుకో అన్నానంది. ఎవరి సిగ్గు వాళ్లు కప్పుకున్నారు, ఆ గుడ్డల కింద పిల్ల ఉండిపోయింది. నిజంగా జరిగింది చెప్పింది ఒక్కరే. చెంచా సంగతి. ఆయన్ని నేను జీపులో కూర్చోబెట్టాను."

ఆమె వాచ్‌మన్ వైపు తిరిగింది. "ఆర్డరు కాదని లోపలికి రానిచ్చావు. తెలిస్తే ఉద్యోగం పోతుందని చూళ్లేదన్నావు. అంతేనా తాతా?"

అతను తలాడించాడు.

"దొంగ చూపుకీ సిగ్గు చూపుకీ తేడా తెలుసనుకున్నాను నేను. తెలీలేదు. నన్ను క్షమించు."

ముసలాయన తువ్వాలు మడత పెట్టుకుంటూ, "పిల్ల దొరికింది కదమ్మా" అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు.

పెద్దమేడం ఎవరితోనూ కాకుండా మాట్లాడింది. గ్రేడు పడిపోతే తల్లిదండ్రులు పిల్లల్ని వేరే స్కూళ్లకు మార్చేస్తారు. సెక్షను ఎత్తేస్తారు. ఇద్దరు టీచర్లు ఇంటికి పోతారు. ఏటా ఈ రోజుకు నెల ముందునుంచీ నాకు నిద్ర ఉండదు. చెబుతూ చెబుతూ, పాప జుట్టులోని దుమ్ము కనిపించి ఆగిపోయింది.

"మీరు నన్ను పోలీసనుకున్నారు మేడం" అన్నాడు అధికారి. చేతులకు జీపు మసి. "చదవలేని పిల్లలు ఎంతమందో తేలితే, వాళ్లకోసం ఒక టీచర్ని ఇవ్వొచ్చు. నేను వచ్చేది అందుకు. ఆ టీచర్ని ఏటా ఎవరూ అడగరు. అన్ని స్కూళ్లలో అందరూ గడగడా చదివేస్తారు." ఆగాడు. "ఇవాళ ఆ క్లాసులో ఖాళీ జాగాలు నాకు కనిపించాయి. అడగలేదు. అడిగితే ఆలస్యమవుతుంది, సాయంత్రానికి ఇల్లు చేరాలి అనుకున్నా."

ఆ మాట దగ్గర పాప కదిలింది. తల్లి ఒళ్లోంచి తల ఎత్తింది. కోటు లేని ఆ మనిషిని ఆమె గుర్తుపట్టలేదు.

"అమ్మా, ఆఫీసరు వెళ్లిపోయాడా?"

తల్లి పాప జుట్టులోని సున్నపు దుమ్ము దులిపింది.

"మనం పాసయ్యామా?"

కుళాయి చుక్కలు పడుతున్నాయి. టీచరు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎస్ఐ డబ్బా మూత మీద చిరిగిన రెక్కను వేలితో అదుముతూ ఉండిపోయింది.

అధికారి రెండు మెట్లు కిందికి దిగి కూర్చున్నాడు. ఇప్పుడు పాప మొహం ఆయన మొహం కంటే ఎత్తులో ఉంది.

"ఇంకా అవ్వలేదమ్మా" అన్నాడు. "ఒకళ్లు మిగిలారు."

పాప తల్లి మొహంలోకి చూసింది. ఎవరు పిలిచినా పలకొద్దన్న మొహం అది. తల్లి అవునన్నట్టు తలాడించింది.

"నీకొచ్చింది ఏదైనా చదువు. ఏదైనా సరే."

పాప చుట్టూ చూసింది. పుస్తకాలు లేవు. చెయ్యెత్తి గేటు మీది బ్యానరు చూపించింది. వరండా లైటు దాని మీద పడుతోంది.

"అది చదవనా? పొద్దుట్నుంచీ అదే చదివాను. మెట్ల దగ్గర పాత బ్యానరు మీద కూడా అదే రాసుంది. లోపల్నుంచి తిరగబడి కనిపిస్తుంది. బయట్నుంచైతే తేలిక."

"చదువు."

"త... ని... ఖీ... తనిఖీకి." ఊపిరి తీసుకుంది. "వి... విచ్... విచ్చే..."

అక్కడ ఆగిపోయింది. టీచరు పెదవులు కదలబోయాయి. తనే పళ్ల కింద బిగబట్టుకుంది.

"విచ్చేసిన" అంది పాప. "పె... ద్ద... పెద్దలకు."

తర్వాతి మాట దగ్గర చాలాసేపు పట్టింది. ఎవరూ అందివ్వలేదు. ఎవరూ వాచీ చూసుకోలేదు. ఆ మాట రాయించిన పెద్దమేడం తల వంచుకుని ఉంది. ఎవరికోసం రాయించారో ఆయన కూడా వంచుకుని ఉన్నాడు.

"స్వా" అంది పిచ్చుక, వేలితో గాల్లో దిద్దుకుంటూ. "స్వా... గ..."

అందరూ ఎదురుచూస్తున్నారు.